ఎలుకకు మనిషి మలేరియా రాదు కదా, మరి మన టీకాను ఎలుకల్లో పరీక్షించి ఏం తెలుసుకుంటారు?

ప్రశ్న: కావలి జంతుశాస్త్రం

అందరికీ నమస్కారం. నేను కావలిలో ఇంటర్మీడియట్ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధిస్తాను. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ జీర్ణాశయపు గోడ మీద మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు కనుక, ఏటా ఆ తేదీకి అటూ ఇటూగా ఆ పరాన్నజీవి, అంటే ప్లాస్మోడియం, పాఠానికి ఒక పీరియడు అదనంగా కేటాయించడం నాకు అలవాటు. మనిషి రక్తంలో జరిగే గాల్గీ చక్రం, దోమలో జరిగే రాస్ చక్రం బొమ్మలు వేయించడం పూర్తయ్యాక ఈసారి టీకాల గురించి కూడా నాలుగు మాటలు చెప్పాను. 2021 అక్టోబరులో ఆర్‌టీఎస్,ఎస్ టీకాను, 2023 అక్టోబరులో పుణే సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేస్తున్న ఆర్21 టీకాను మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతాల పిల్లలకు వేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిందనీ, ఇలాంటి టీకాలను మొదట జంతువుల్లో పరీక్షించాకే మనుషుల దాకా తెస్తారనీ చెప్పి ముగించబోయాను.

అప్పుడు బిట్రగుంట నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి, "మేడమ్, మనిషికి వచ్చే ప్లాస్మోడియం ఎలుకకు సోకదని పోయిన వారమే చెప్పారు. భువనేశ్వర్‌లో మన ఐసీఎంఆర్ వాళ్లు తయారుచేసిన టీకా ఎలుకల్లో బాగా పనిచేసిందని పేపర్లో రాశారు. రాని జబ్బుకు టీకా వేస్తే అది పనిచేసిందని ఎలా తెలుస్తుంది?" అని అడిగింది. ఎలుకలకు వాటి సొంత మలేరియా ఉంటుందని, ప్లాస్మోడియం బెర్గై అనే జాతిని ప్రయోగశాలల్లో అందుకే వాడతారని జవాబిచ్చాను. ఆ అమ్మాయి కూర్చోలేదు. "అయితే అది ఎలుకల టీకా అవుతుంది గానీ మన టీకా ఎలా అవుతుంది?" అంది. తరగతి అంతా నవ్వింది, నేనూ నవ్వాను, కానీ నిజానికి నా దగ్గర జవాబు లేదు.

పరిశోధనలో ఉన్నవారెవరైనా ఈ గుంపులో ఉంటే దయచేసి వివరించగలరు. ఎలుకల్లో గెలిచిన టీకాలు మనుషుల్లో ఓడిపోయిన సందర్భాలుంటే, అవి ఎందుకు ఓడిపోయాయో కూడా చెప్పండి. పిల్లలకు గెలుపు కథలు మాత్రమే చెప్పడం నాకు ఇష్టం ఉండదు.


జవాబు: ఒంగోలు నుంచి హైదరాబాదు

మేడమ్ గారూ, నమస్కారం. మాది ఒంగోలు. ఎలుకల మలేరియా మీద కొన్నేళ్లు ప్రయోగశాలలో పనిచేశాను. ముందుగా మీ విద్యార్థినికి నా అభినందనలు తెలియజేయండి. ఆమె అడిగిన రెండో ప్రశ్న ఈ రంగంలో ఉన్న పెద్దలు కూడా కోట్ల రూపాయలు ఖర్చయ్యాక అడిగిన ప్రశ్న.

మీరు రాస్ పేరు ఎత్తారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. సికింద్రాబాదు తర్వాత రాస్ 1898లో కలకత్తాలో దోమ కాటు ద్వారా మలేరియా ఒక ప్రాణి నుంచి ఇంకొక ప్రాణికి వెళుతుందని పూర్తిగా నిరూపించింది మనుషుల్లో కాదు, పిచ్చుకల్లో. దోమే మలేరియాను మోస్తుందన్న మూలసూత్రం పక్షుల వల్లనే తేలింది. అయితే పక్షుల మలేరియాను మోసేది క్యూలెక్స్ దోమ, మన మలేరియాను మోసేది ఆనోఫిలిస్. అంటే అదే పిచ్చుక ఒక ప్రశ్నకు సరైన జవాబు, ఇంకొక ప్రశ్నకు తప్పు జవాబు ఇచ్చింది. తర్వాత కూడా ఇలాగే జరిగింది. పక్షుల్లో ఈ పరాన్నజీవి రక్తంలోకి రాకముందు కాలేయ కణాల్లో కాక వేరే కణాల్లో పెరుగుతుంది కాబట్టి, అక్కడ నేర్చుకున్న దారి క్షీరదాల దగ్గర పనికిరాలేదు. మీరు బొమ్మలో వేయించే కాలేయ దశను షార్ట్, గార్న్‌హమ్ అనే ఇద్దరు 1948లో గానీ కనుక్కోలేకపోయారు, అదీ రీసస్ కోతిలో, ప్లాస్మోడియం సైనోమాల్గై అనే కోతుల జాతితో.

సరిగ్గా అదే సంవత్సరం బెల్జియన్ కాంగోలోని కటాంగాలో, పొదల్లో బతికే ఒక అడవి ఎలుకలో ప్లాస్మోడియం బెర్గై బయటపడింది. దాన్ని తెల్ల చిట్టెలుకల్లోకి ఎక్కిస్తే బతికింది. అప్పటినుంచి మలేరియా పరిశోధన చిట్టెలుకల చుట్టూ తిరగసాగింది. 1967లో రూత్ నుస్సెన్‌జ్వైగ్, బెర్గై స్పోరోజోయిట్లకు, అంటే దోమ కాటుతో ఒంట్లోకి వచ్చే దశకు, ఎక్స్-కిరణాలు తగిలించి, అవి కాలేయం దాకా వెళ్లగలిగినా అక్కడ పెరగలేనంతగా బలహీనపరిచి ఎలుకలకు ఎక్కించారు. తర్వాత అసలు స్పోరోజోయిట్లను ఇచ్చినా ఎక్కువ ఎలుకలకు జబ్బు రాలేదు. 1970లలో ఇదే పద్ధతిని మనుషుల మీద ప్రయత్నించినప్పుడు కూడా ఫలించింది. కాకపోతే ఒక్కొక్క మనిషిని కిరణాలు తగిలించిన దోమలు మొత్తం మీద వెయ్యిసార్లు కుట్టవలసి వచ్చింది. నెల్లూరు జిల్లాలో పెరిగినవారికి వెయ్యి దోమకాట్లంటే పెద్ద సంఖ్య అనిపించకపోవచ్చు గానీ, టీకాగా అది సాధ్యం కాదు. అయినా "స్పోరోజోయిట్ దశలోనే శరీరాన్ని సిద్ధం చేయవచ్చు" అన్న నమ్మకం ఎలుకే ఇచ్చింది. స్పోరోజోయిట్ ఒంటిని కప్పి ఉండే ప్రోటీన్ ఈ దారిలోనే బయటపడింది, ఈరోజు ఆర్‌టీఎస్,ఎస్, ఆర్21 రెండింటిలోనూ ఉన్నది ఆ ప్రోటీన్ ముక్కే.

ఇక ఓటముల సంగతి. చిట్టెలుక కాలేయం ఒక గ్రాము, ఒకటిన్నర గ్రాము తూగుతుంది, మన కాలేయం దాదాపు కిలోన్నర. దోమ కుట్టినప్పుడు లోపలికి వెళ్లే కొద్దిపాటి స్పోరోజోయిట్లు దాక్కున్న కణాలను రోగనిరోధక వ్యవస్థకు చెందిన టి-కణాలు వెతికి పట్టుకోవాలంటే, ఎలుకలో అది ఒక పెరట్లో పోయిన సూదిని వెతకడం, మనిషిలో ఊరంతా గాలించడం. పైగా బెర్గై రెండు రోజుల్లో కాలేయం వదిలి రక్తంలోకి వస్తుంది, మనిషికి వచ్చే ఫాల్సిపారం దాదాపు వారం రోజులు అక్కడే ఉంటుంది. వెతకాల్సిన చోటు వెయ్యి రెట్లు, వెతకడానికి ఉన్న వ్యవధి మూడు రెట్లకు పైగా. ఈ రెండు తేడాలూ ఒకదాన్నొకటి సరిచేయవు. ఎలుకల్లో కూడా జాతిని బట్టి ఫలితం మారుతుంది. బాల్బ్-సి అనే తెల్ల ఎలుకలను బెర్గై నుంచి కాపాడడం తేలిక, సి57 అనే నల్ల ఎలుకలను కాపాడడం కష్టం. ఒక్క జాతి ఎలుకలో వచ్చిన ఫలితాన్ని చూసి పండగ చేసుకున్న వ్యాసాలు నేను చాలా చదివాను, చిన్నప్పుడు ఒకటి రాశాను కూడా.

అందుకని కొందరు మనిషి పరాన్నజీవిని నేరుగా తీసుకోగల జంతువు కోసం వెతికారు. దక్షిణ అమెరికాలో రాత్రిపూట తిరిగే, గుడ్లగూబ కళ్లలాంటి కళ్లున్న ఏఓటస్ కోతికి ఫాల్సిపారం సోకుతుంది. కొలంబియాకు చెందిన మాన్యుయెల్ పటరోయో 1987లో ఈ కోతుల్లో పరీక్షించిన ఎస్‌పీఎఫ్66 అనే కృత్రిమ టీకా అప్పట్లో పెద్ద ఆశ రేపింది. టాంజానియా పిల్లల్లో 31 శాతం రక్షణ కనిపించింది, గాంబియా, థాయ్‌లాండ్‌లలో జరిపిన పరీక్షల్లో రక్షణ కనిపించలేదు. ఎర్ర రక్తకణాల్లోకి దూరే మీరోజోయిట్ మీది ఎంఎస్‌పీ1 ప్రోటీన్ విషయంలోనూ అంతే. ఏఓటస్‌లలో అది బాగా కాపాడింది, కెన్యా పిల్లల్లో కాపాడలేదు. కోతులకు ఆ ప్రోటీన్‌ను ఫ్రాయిండ్ అడ్జువెంట్‌తో కలిపి ఇచ్చేవారు. అడ్జువెంట్ అంటే టీకా ప్రభావాన్ని పెంచడానికి కలిపే పదార్థం, ఇది మాత్రం సూది వేసిన చోట పుండ్లు పడేంత తీవ్రమైనది, మనుషులకు వాడరాదు. అంటే కోతిలో గెలిచిన టీకా, మనిషిలో ఓడిన టీకా నిజానికి ఒకే టీకా కావు. అలాగని ఏఓటస్ ప్రతిసారీ మోసం చేసిందనలేం. ఆర్‌హెచ్5 అనే మరొక మీరోజోయిట్ ప్రోటీన్ 2015లో ఆ కోతుల్లోనే నిలబడింది, 2024లో బుర్కినాఫాసో పిల్లల్లో 55 శాతం రక్షణ చూపింది.

మీ అమ్మాయి అడిగిన "మన టీకా ఎలా అవుతుంది" అన్న మాటకు ఇప్పుడు ఉన్న జవాబు ఏమిటంటే, పరాన్నజీవినే మారుస్తారు. బెర్గై జన్యువుల్లో దాని స్పోరోజోయిట్ ప్రోటీన్‌ను తీసేసి ఫాల్సిపారం ప్రోటీన్‌ను పెడతారు. ఎలుకకు సోకే పరాన్నజీవి మనిషి పరాన్నజీవి చొక్కా తొడుక్కుని వస్తుందన్నమాట. ఆర్21ను ఇలాంటి బెర్గైతో ఎలుకల్లో పరీక్షించారు. మనిషికి వేసే అదే టీకా, ఎదురుగా ఉన్నది అదే లక్ష్యం, కాబట్టి యాంటీబాడీలు ఆ లక్ష్యాన్ని పట్టుకుని ఆపగలవా అన్న ప్రశ్నకు ఎలుక నిజాయితీగా జవాబిస్తుంది. ఆ రక్షణ మనిషిలో ఎన్నాళ్లు ఉంటుందని దాన్ని అడగకూడదు. ఎలుకలోనే మనిషి కాలేయ కణాలను పెంచి, అసలు ఫాల్సిపారాన్నే ఎక్కించే పద్ధతి కూడా ఉంది. అయితే ఆ ఎలుకలకు సొంత రోగనిరోధక శక్తి దాదాపు ఉండదు కాబట్టి వాటికి టీకా వేసి లాభం లేదు, టీకా తీసుకున్న మనిషి యాంటీబాడీలను తెచ్చి వాటికి ఎక్కించి చూస్తారు.


జవాబు: అద్దంకి పశువైద్యుడు

అయ్యా, ఒంగోలు మిత్రులు చెప్పినది చాలా విలువైన సమాచారం. నేను పశువైద్యుణ్ని కాబట్టి నాకు తెలిసిన వైపు నుంచి ఒక మాట చేరుస్తాను.

మలేరియాకు దూరపు చుట్టమైన జబ్బు మన పశువుల్లో ఒకటుంది. పిడుదుల వల్ల వచ్చే థైలీరియా. జ్వరం, కంతులు వాయడం, రక్తహీనత, పట్టించుకోకపోతే చావు. ఇది సంకరజాతి జెర్సీ, హోల్‌స్టీన్ ఆవులను కూల్చేసినంతగా మన ఒంగోలు జాతిని కూల్చదు. తరతరాలుగా ఆ పిడుదుల మధ్యే బతికిన జాతి కనుక ఒంట్లో పరాన్నజీవి ఉన్నా తట్టుకుని తిరుగుతుంది. మలేరియా ఎలుకల సంగతి చదివినప్పుడు నాకు తట్టినది ఇదే. బెర్గైకి సొంత ఇల్లు కటాంగా అడవి ఎలుక, తెల్ల చిట్టెలుక దానికి సంకరజాతి ఆవులాంటిది. సహజంగా కలిసి బతకని రెండు ప్రాణులను ఒకచోట చేర్చి చూసినదాన్ని ప్రకృతి నియమమని అనుకుంటే పొరపాటు.

థైలీరియాకు హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ వారి రక్షావ్యాక్-టి అనే టీకా ఉంది. బలహీనపరిచిన బతికున్న పరాన్నజీవి కణాలే అందులో ఉంటాయి. దాన్ని పరీక్షించడానికి మాకు వేరే నమూనా జంతువు అక్కరలేదు, ఆవు జబ్బుకు ఆవునే పరీక్షించవచ్చు. టీకా వేసిన పశువుకు అసలు పరాన్నజీవిని ఎక్కించి, టీకా వేయని పశువుతో పోల్చి చూస్తే తేలిపోతుంది. మనిషి వైద్యానికి ఆ వెసులుబాటు లేదు కనుకనే ఎలుక, కోతి, కుందేలు అంటూ చుట్టుదారిలో నడవాలి. మేడమ్ గారు పిల్లలకు ఈ తేడా చెబితే తేలిగ్గా అర్థమవుతుందని నా అభిప్రాయం, ఎందుకంటే వాళ్లలో సగం మంది ఇళ్లల్లో గేదెలో ఆవులో ఉంటాయి.


జవాబు: పెన్నా గట్టు

వైద్యుల వారి చివరి మాటతో నాకు విభేదం ఉంది. మనిషి వైద్యానికి ఆ వెసులుబాటు లేదన్నారు, కానీ మలేరియాలో ఉంది. ఒప్పుకున్న ఆరోగ్యవంతులను ఫాల్సిపారం మోస్తున్న దోమలతో కుట్టించి, రక్తంలో పరాన్నజీవి కనిపించగానే మందులిచ్చి నయం చేసే పద్ధతి దశాబ్దాలుగా నడుస్తోంది. 1976 నుంచి ఫాల్సిపారాన్ని మనిషి రక్తంలో, గాజు పాత్రలోనే పెంచుతున్నారు. మనిషిని అడగగలిగినప్పుడు, పాత్రను అడగగలిగినప్పుడు, నోరులేని ఎలుకను వేలకొద్దీ ఎందుకు చంపాలి? పైగా మీరే చెబుతున్నారు, అది చాలాసార్లు తప్పు జవాబిచ్చిందని. పెంచలకోనలో కోతికి అరటిపండు పెట్టి దండం పెట్టే మనం, ప్రయోగశాలలో కోతి విషయం వచ్చేసరికి ఏమీ అడగకుండా ఊరుకోవడం నాకు మింగుడుపడదు.


జవాబు: ఒంగోలు నుంచి హైదరాబాదు

గట్టు గారూ, మీ మాటలో సగానికి పైగా నేను ఒప్పుకుంటాను. మిగిలిన సగం గురించి రాస్తాను.

మనుషులను దోమలతో కుట్టించే పరీక్ష ఎంత పదునైనదో చెప్పడానికి ఆర్‌టీఎస్,ఎస్ కథే చాలు. 1997లో వెలువడిన ఫలితాల్లో ఒకే ప్రోటీన్‌ను మూడు రకాల అడ్జువెంట్‌లతో కలిపి మూడు గుంపుల వారికి ఇచ్చి, తర్వాత దోమలతో కుట్టించారు. మొదటి గుంపులో ఎనిమిది మందిలో ఒక్కరికి, రెండో గుంపులో ఏడుగురిలో ఇద్దరికి, మూడో గుంపులో ఏడుగురిలో ఆరుగురికి మలేరియా రాలేదు. రీసస్ కోతికి ఫాల్సిపారం సోకదు కాబట్టి ఇంత తేడాను దాని రక్తంలోని యాంటీబాడీలు చూసి ఎవరూ ఊహించలేరు. ఇరవై రెండు మంది మనుషులు చెప్పినది వందల జంతువులు చెప్పలేకపోయేవి.

కానీ ఆ ఇరవై రెండు మంది చేతికి సూది గుచ్చే ముందు, ఆ మూడు అడ్జువెంట్‌లలో ఏదీ వాళ్ల కాలేయాన్నో కిడ్నీలనో దెబ్బతీయదని ఎవరో ఒకరు పూచీ పడాలి. ఆ పూచీ ఈరోజుకీ ఎక్కువగా కుందేళ్ల దగ్గర నుంచే వస్తోంది. మనిషికి ఇవ్వబోయే మోతాదునే, ఇవ్వబోయేదానికంటే ఒక విడత ఎక్కువగా కుందేలుకు ఇచ్చి, తర్వాత దాని అవయవాలన్నీ పరిశీలిస్తారు. ఇది టీకా పనిచేస్తుందా అన్న పరీక్ష కాదు, హాని చేస్తుందా అన్న పరీక్ష. ఈ రెండింటినీ కలిపి "జంతు పరీక్షలు" అని ఒకే మాట అనడం వల్ల పత్రికల్లోనూ మన చర్చల్లోనూ గందరగోళం వస్తోంది.

మీరు చెప్పిన గాజు పాత్ర ఇప్పటికే కొన్ని చోట్ల జంతువు స్థానాన్ని తీసుకుంది. భువనేశ్వర్ టీకాలో ఒక భాగం దోమలో పరాన్నజీవి ఎదుగుదలను అడ్డుకోవడానికి ఉద్దేశించినది. ఇలాంటి టీకాను పరీక్షించాలంటే ఎలుకకు జబ్బు తెప్పించనవసరం లేదు. టీకా వేసిన ఎలుక రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను, పాత్రలో పెంచిన ఫాల్సిపారం గామెటోసైట్లతో, అంటే దోమలోకి వెళ్లే లైంగిక దశతో, కలిపి, పలచటి పొర వెనుక వెచ్చగా ఉంచి దోమలకు తాగిస్తారు. వారం తర్వాత ఆ దోమల కడుపు కోసి, 1897లో రాస్ చూసిన పరాన్నజీవి తిత్తులను, అంటే ఊసిస్ట్‌లనే లెక్కపెడతారు. మేడమ్ గారి తరగతిలో ఇది తప్పక చెప్పవలసిన విషయం.

మన దేశంలో ఎలుకల మీద ప్రయోగానికి కూడా సంస్థలోని జంతు నైతిక సంఘం అనుమతి ఉండాలి, కోతులు, కుక్కల వంటి పెద్ద జంతువులకైతే జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర సంఘం సీసీఎస్‌ఈఏ దాకా వెళ్లాలి. జంతువులు లేని పద్ధతులతోనూ భద్రతను నిరూపించవచ్చని 2023లో మన ఔషధ పరీక్షల నియమాలను సవరించారు కూడా. కాగితం మీది అనుమతి వల్ల ప్రయోగం మంచిదైపోదు, అది నేను కళ్లారా చూశాను. ఒకసారి మా దగ్గర టీకా వేసిన ఎలుకలన్నీ, ఒక్కటి కూడా మిగలకుండా, స్పోరోజోయిట్లు ఎక్కించినా ఆరోగ్యంగా ఉన్నాయి. తోక చివర నుంచి తీసిన రక్తపు పూతలకు గీమ్సా రంగు వేసి రోజూ పొద్దున చూసేవాళ్లం, ఒక్క పరాన్నజీవి లేదు. సంతోషం రెండు రోజులే. టీకా వేయని ఎలుకలకు కూడా జబ్బు రాలేదని తేలింది. దోమల లాలాజల గ్రంథుల నుంచి తీసిన స్పోరోజోయిట్లు కొన్ని గంటల్లోనే బలం కోల్పోతాయి. ఆ రోజు వాటిని తీయడంలో, ఎక్కించడంలో ఆలస్యం జరిగింది. నలభై ఎలుకలు వృథాగా పోయాయి. గట్టు గారి కోపానికి న్యాయమైన చోటు అదే అని నాకు అనిపిస్తుంది.


తిరిగి ప్రశ్న: కావలి జంతుశాస్త్రం

అందరికీ కృతజ్ఞతలు. టీకా వేయని ఎలుకల సంగతి నిన్న తరగతిలో ముగింపు చెప్పకుండా, "ఇక్కడిదాకా చూస్తే టీకా పనిచేసినట్టేనా?" అని అడిగాను. అరవై మందిలో నలుగురే "టీకా వేయనివాటికి ఏమైంది మేడమ్?" అని తిరిగి అడిగారు. బిట్రగుంట అమ్మాయి ఆ నలుగురిలో ఉంది.

వెళుతూ వెళుతూ ఆమె ఇంకొకటి అడిగింది. మా పాఠ్యపుస్తకంలో ఉన్నది ప్లాస్మోడియం వైవాక్స్, మీరందరూ మాట్లాడినది ఫాల్సిపారం గురించి. వైవాక్స్ టీకాను ఏ జంతువులో పరీక్షిస్తారు?


జవాబు: ఒంగోలు నుంచి హైదరాబాదు

మేడమ్, వైవాక్స్‌ను ఫాల్సిపారంలా పాత్రలో ఏళ్ల తరబడి పెంచడం ఇంకా సాధ్యపడలేదు, కాబట్టి అక్కడ జంతువు అవసరం ఇంకా ఎక్కువ. కాలేయంలో నెలల తరబడి నిద్రపోయి మళ్లీ లేచే హిప్నోజోయిట్ దశ ఎలుకల మలేరియాలో లేదు. దానికి ఎక్కువగా వాడే దగ్గరి నమూనా రీసస్ కోతిలో సైనోమాల్గై, 1948లో కాలేయ దశను చూపించిన జాతి అదే. స్పోరోజోయిట్ ప్రోటీన్ వరకైతే వైవాక్స్ చొక్కా తొడిగిన బెర్గైలు కూడా ఉన్నాయి. ఎర్ర రక్తకణంలోకి వైవాక్స్ దూరే తలుపు డఫీ ప్రోటీన్ అన్న సంగతికి మొదటి ఆధారం కూడా కోతి మలేరియా జాతి నుంచే దొరికింది. డఫీ లేని మనుషుల రక్తకణాల్లోకి ప్లాస్మోడియం నోలెసి దూరలేకపోవడం 1975లో చూశారు, మరుసటి ఏడు డఫీ లేనివారికి వైవాక్స్ సాధారణంగా సోకదని తేల్చారు. నోలెసిని 1930లలో వివరంగా పరిశీలించినది కలకత్తాలో, రాస్ పిచ్చుకల మీద పనిచేసిన ఊళ్లోనే.